పాఠం చెప్పేదీ వాళ్లే, పేపరు దిద్దేదీ వాళ్లే

మూడో సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన రాత్రి నాన్న ఫోన్ చేశాడు. స్టూడెంట్ పోర్టల్ పాస్‌వర్డ్ ఆయన దగ్గర కూడా ఉండేది, కాబట్టి నేను దాచడానికి ఏమీ లేదు.

"డెబ్బై ఎనిమిది మార్కులొస్తే బీ ఏంట్రా? బావకి డెబ్బై ఒకటే వచ్చాయంట. వాడికి ఏ ఇచ్చారంట."

బావంటే మా మామయ్య కొడుకు. నాకంటే మూడు నెలలు పెద్ద. అదే యూనివర్సిటీ, అదే బ్రాంచ్, పక్క సెక్షన్. సబ్జెక్టు ఒకటే, పుస్తకం ఒకటే, చెప్పిన సార్లే వేరు. నేను యావరేజ్, డీవియేషన్ అని ఏదో మొదలుపెడితే, "ఆ లెక్కలు నాకొద్దు, ఎక్కువొచ్చినోడికి తక్కువ గ్రేడు ఎందుకో అది చెప్పు" అన్నాడు. చెప్పలేకపోయాను. నాకే సరిగ్గా తెలీదు.

నాలుగేళ్లు పూర్తిచేసి బయటికొచ్చాక ఇప్పుడు చెప్పగలను. గ్రేడ్లు, అటెండెన్స్, ఫీజు, ఒక్కో బ్రాంచ్‌కి అన్నేసి సెక్షన్లు, చివరికి గోడు ఎవరికి చెప్పుకోవాలన్నది కూడా, అక్కడ నన్ను తికమకపెట్టినవన్నీ తీగలాగితే ఒకే డొంక కదులుతుంది. ప్రైవేట్ యూనివర్సిటీలో పాఠం చెప్పేది, పేపరు తయారు చేసేది, దిద్దేది, ఫీజు నిర్ణయించేది, డిగ్రీ ఇచ్చేది అంతా ఒకే సంస్థ. మామూలు ఇంజినీరింగ్ కాలేజీలో ఈ పనులు తలా ఒకరి చేతిలో ఉంటాయి. ప్రైవేట్ యూనివర్సిటీలో దొరికే వెసులుబాటుకి కారణం అదే, అక్కడ ఎదురయ్యే నిస్సహాయతకీ కారణం అదే.

గేటు మీద బోర్డు ఏం చెబుతుంది

అడ్మిషన్ల సీజన్‌లో అందరూ అన్నిటినీ "యూనివర్సిటీ" అనే అంటారు. లోపల నాలుగు రకాలున్నాయి.

మొదటిది అనుబంధ కాలేజీ. జేఎన్టీయూ లాంటి యూనివర్సిటీ కింద ఉంటుంది. సిలబస్ దానిదే, ఫైనల్ పరీక్ష పేపరు దానిదే. జేఎన్టీయూ కాకినాడ ఆర్20 రెగ్యులేషన్ తీసుకుంటే 30 మార్కులు కాలేజీ చేతిలో, 70 మార్కులు యూనివర్సిటీ చేతిలో. జవాబుపత్రం ఎవరు దిద్దుతారో నీకు తెలీదు, నువ్వెవరో వాళ్లకి తెలీదు. రెండోది అటానమస్ కాలేజీ. సిలబస్, పరీక్ష సొంతంగా పెట్టుకోవచ్చు కానీ డిగ్రీ మాత్రం మాతృ యూనివర్సిటీ పేరు మీదే వస్తుంది. మూడోది డీమ్డ్. యూనివర్సిటీలను పర్యవేక్షించే జాతీయ సంస్థ యూజీసీకి సంబంధించిన 1956 నాటి చట్టం 3వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఇచ్చే హోదా ఇది. గీతం, కేఎల్, విజ్ఞాన్ ఈ కోవలోవి. డీమ్డ్ సంస్థలు పేరులో ఒట్టి "యూనివర్సిటీ" అని రాసుకోకుండా చూడమని 2017 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పడంతో అప్పట్లో చాలాచోట్ల గేటు బోర్డులు మారాయి.

నాలుగోది అసలు ప్రైవేట్ యూనివర్సిటీ. ఇది పుట్టాలంటే రాష్ట్ర శాసనసభ చట్టం చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకోసం 2016లో చట్టం వచ్చింది. 2017లో అమరావతిలో ఎస్ఆర్ఎం, విట్ క్లాసులు మొదలుపెట్టాయి. తెలంగాణ 2018లో చట్టం చేసింది. 2020లో మొదటి విడతగా మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, అనురాగ్, ఎస్సార్ యూనివర్సిటీలు వచ్చాయి. అంటే మన దగ్గర ఈ వ్యవహారం ఇంకా పాతబడలేదు. ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసిన "కాలేజీ" లెక్కలు దీనికి సరిపోకపోవడానికి అదొక కారణం.

శాసనసభ దాకా ఎందుకు వెళ్లాలన్నదానికి వెనక ఒక కథ ఉంది. 2002లో ఛత్తీస్‌గఢ్ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఒక్కో యూనివర్సిటీకి విడిగా చట్టం అక్కర్లేదు, గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తే చాలు. చూస్తూ చూస్తూ ఉండగానే వందకు పైగా యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. వాటిలో కొన్నిటికి క్యాంపస్ కాదు కదా, సరైన భవనం కూడా లేదు. యూజీసీ మాజీ ఛైర్మన్, శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2005 ఫిబ్రవరిలో కోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. కాగితం మీద యూనివర్సిటీ అన్న మాటకి ఎంత బలం ఉందో, దాన్ని ఎంత తేలిగ్గా వాడేసుకోవచ్చో ఆ కేసు చూపించింది.

ఇంకో కోర్టు తీర్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం నేను రోజూ క్లాసులో చూశాను. ఇంజినీరింగ్ కాలేజీ కొత్త కోర్సు పెట్టాలన్నా, సీట్లు పెంచాలన్నా ఏఐసీటీఈ, అంటే సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి, అనుమతి కావాలి. యూనివర్సిటీలకు మాత్రం ఆ ముందస్తు అనుమతి అక్కర్లేదని భారతిదాసన్ యూనివర్సిటీ కేసులో 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి రాష్ట్ర చట్టంతో పుట్టిన ప్రైవేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీట్లు ఎన్నన్నది చాలావరకు యాజమాన్యం ఇష్టం. మా బ్యాచ్‌లో సీఎస్ఈకి ఇరవై దాటిన సెక్షన్లు. సివిల్‌కి ఒక్కటి, అందులోనూ వెనక బెంచీలు ఖాళీ. కోర్సు ఫార్మసీ, లా, మెడిసిన్ అయితే మాత్రం ఆయా కౌన్సిళ్ల అనుమతి తప్పనిసరి. చేరేముందు అది విడిగా చూసుకోవాల్సిందే.

డెబ్బై ఎనిమిదికి బీ ఎందుకొచ్చింది

ఇప్పుడు నాన్న ప్రశ్న.

జేఎన్టీయూలో మార్కుకీ గ్రేడుకీ గీత ముందే గీసి ఉంటుంది. ఇంత దాటితే ఇంత గ్రేడు, క్లాసులో మిగతావాళ్లు ఎలా రాశారన్నది అనవసరం. చాలా ప్రైవేట్ యూనివర్సిటీల్లో రెలటివ్ గ్రేడింగ్. అక్కడ గీత పరీక్ష అయ్యాక గీస్తారు, అదీ నీ క్లాసు మార్కులు చూసి.

మా దగ్గర లెక్క ఇలా ఉండేది. క్లాసు సగటు తీస్తారు. మార్కులు ఆ సగటు చుట్టూ ఎంత విస్తరించి ఉన్నాయో చెప్పే అంకె, అంటే స్టాండర్డ్ డీవియేషన్ తీస్తారు. సగటుకి ఒకటిన్నర డీవియేషన్ల పైన ఉంటే ఎస్. అర నుంచి ఒకటిన్నర మధ్య ఏ. సగటుకి అటూ ఇటూ అర డీవియేషన్ లోపల ఉంటే బీ. ఆ కింద సీ, డీ, ఈ. మా సెక్షన్ సగటు 80, డీవియేషన్ 6. అంటే 77 నుంచి 83 దాకా బీ. నా 78 అందులో పడింది. బావ సెక్షన్ సగటు 62, డీవియేషన్ 12. అక్కడ 68 నుంచి 80 దాకా ఏ. వాడి 71 అందులో పడింది. నా 78 అక్కడ పడి ఉంటే నాకూ ఏ వచ్చేది. వాడి 71 మా సెక్షన్‌లో పడి ఉంటే డీ.

ఇందులో మోసం ఏమీ లేదు. ఒక సార్ పేపరు కష్టంగా ఇచ్చి, ఇంకో సార్ తేలిగ్గా ఇస్తే ఆ తేడా పిల్లల మీద పడకుండా చూసే పద్ధతి ఇది. కానీ ఇది రెండు సెక్షన్లలోనూ ఒకే స్థాయి పిల్లలు ఉన్నారని అనుకుని వేసే లెక్క. మా విషయంలో తేడా పిల్లల్లోనే ఉంది. ఎందుకుందో తెలియాలంటే రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఏం జరిగిందో చెప్పాలి.

సెమిస్టర్ మొదలవడానికి ముందు ఏ సబ్జెక్టు, ఏ టైమ్ స్లాట్, ఏ సార్ దగ్గర చదవాలో మనమే ఎంచుకోవాలి. వినడానికి రాజభోగం. సీనియర్లు తయారు చేసిన ఒక ఎక్సెల్ షీటు వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఎవరు బాగా చెబుతారు, ఎవరు మార్కులు పిసినారితనంగా వేస్తారు, ఎవరు అటెండెన్స్ దగ్గర చూసీచూడనట్టు పోతారు, అన్నీ అందులో ఉంటాయి. తొమ్మిదింటికి పోర్టల్ తెరుస్తారంటే ఎనిమిదిన్నరకే హాస్టల్ మొత్తం లేచి కూర్చుంటుంది. వైఫై ఆగిపోతుందని మొబైల్ హాట్‌స్పాట్లు, పక్కన ఇంకో ల్యాప్‌టాప్. తొమ్మిదీ మూడుకల్లా మంచి పేరున్న సార్ స్లాట్ ఎర్రబడిపోతుంది.

నాకు ఆ స్లాట్ దొరికింది. ఫ్లోర్ అంతా వినపడేలా అరిచాను. బావ రాత్రంతా సినిమా చూసి పదకొండింటికి లేచాడు. మిగిలిన స్లాట్లలో ఏదో ఒకటి తీసుకున్నాడు. సమయానికి లేచినవాళ్లు, ఎక్సెల్ షీటు చదివినవాళ్లు, టాపర్లు అంతా నా క్లాసులో చేరారు. నిద్రపోయినవాళ్లంతా వాడి క్లాసులో చేరారు. ఆ తర్వాత ఎవరి సగటు ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అయినా ఆ సార్ దగ్గర నేర్చుకున్న డేటా స్ట్రక్చర్సే నన్ను ఇంటర్వ్యూలో గట్టెక్కించాయి. బీ వచ్చినందుకు ఏడ్చిన మాట నిజమే, ఆ క్లాసు ఎంచుకున్నందుకు మాత్రం ఎప్పుడూ బాధపడలేదు.

ఒక గ్రేడు తగ్గితే ఎంత నష్టం? బీటెక్‌కి ఏఐసీటీఈ నమూనా సిలబస్ 160 క్రెడిట్లు. ఎనిమిది సెమిస్టర్లకి పంచితే ఒక్కోదానికి 20. వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలు ఒక క్రెడిట్. ప్రతి సబ్జెక్టు గ్రేడు పాయింటునీ దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఆ సెమిస్టర్ జీపీఏ వస్తుంది. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో ఏ కాస్తా బీ అయితే, అంటే ఒక్క గ్రేడు పాయింటు తగ్గితే, నాలుగు పాయింట్లు పోతాయి. ఇరవైతో భాగిస్తే 0.2. అదే ఒక క్రెడిట్ ల్యాబ్‌లో అయితే 0.05. మొదటి ఏడాది చాలామంది ల్యాబ్ రికార్డుకి రంగు పెన్నులతో బొమ్మలేస్తూ రాత్రుళ్లు గడిపి, నాలుగు క్రెడిట్ల మ్యాథ్స్‌ని పరీక్ష ముందురోజు తెరుస్తారు. నేనూ ఆ బాపతే.

ఈ 0.2 దగ్గరే చాలా ఆగిపోతాయి. మెరిట్ స్కాలర్‌షిప్‌తో చేరినవాళ్లకి ప్రతి ఏడాదీ ఒక సీజీపీఏ (అప్పటిదాకా అయిన సెమిస్టర్లన్నీ కలిపిన జీపీఏ) గీత ఉంటుంది, దాని కిందికి జారితే రాయితీ పోతుంది. చేరేటప్పుడు ఇచ్చే కాగితంలో "మొదటి సంవత్సరం ఫీజులో రాయితీ" అని పెద్ద అక్షరాల్లో ఉంటే, రెండో ఏడాది షరతు రెండో పేజీలో ఉంటుంది. రెలటివ్ గ్రేడింగ్‌లో ఆ గీత దాటడం నీ ఒక్కడి చదువు మీదే ఆధారపడదు. ఈ రెండూ కలిపి ఆలోచించమని కౌన్సెలింగ్ డెస్క్ దగ్గర ఎవరూ చెప్పరు.

పదకొండు క్లాసుల బడ్జెట్

75 శాతం అటెండెన్స్ అన్నిచోట్లా ఉన్నదే. కాకపోతే ఇక్కడ అది సబ్జెక్టువారీగా లెక్క. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకి పదిహేను వారాల్లో 45 క్లాసులు. అందులో 34కి కూర్చోవాలి. పదకొండు మానుకోవచ్చు. ఒక జ్వరానికి నాలుగు పోతాయి, అక్క పెళ్లికి మూడు, పండక్కి ఊరెళ్లి బస్సు టికెట్ దొరక్క ఆగిపోతే రెండు. మిగిలిన రెండూ మూడో నెలలో ఒక వర్షం రోజు అయిపోతాయి. అనుబంధ కాలేజీలో 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్, కండొనేషన్ ఫీజు అని ఒక దారి ఉంటుంది. మా దగ్గర యాప్‌లో 74.4 కనిపిస్తే, అది 75 అవుతుందా కాదా అన్నది డీన్ ఆఫీసు చేతిలో ఉండేది.

ఫెస్ట్‌కో హ్యాకథాన్‌కో వెళ్తే ఓడీ ఇస్తారు. అంటే ఆన్ డ్యూటీ, ఆ రోజు వచ్చినట్టే లెక్క. అయితే అది దానంతటదే పడదు. కోఆర్డినేటర్ సంతకం పెట్టాలి, సబ్జెక్టు సార్ పోర్టల్‌లో ఎక్కించాలి. నా రూమ్‌మేట్ సంగతి ఇక్కడే మొదలైంది, దాని గురించి చివర్లో చెబుతాను.

హాస్టల్ గురించి ఎక్కువ చెప్పను. నలుగురు షేరింగ్ రూమ్, ఒకరికి ఏసీ పడదు, ఒకరికి ఏసీ లేకపోతే పడదు. మొదటి నెల సగం మంది హిందీ మాట్లాడుతుంటే బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను, మూడో నెలకి బూతులతో సహా వచ్చేసింది. ఒక్క ఔట్‌పాస్ సంగతి మాత్రం చెప్పాలి. శనివారం ఊరెళ్లాలంటే యాప్‌లో పెట్టుకుంటాం, నాన్న ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది. ఆయన ఆ ఓటీపీ చెబితే గేటు దాటాలి. మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. స్టీరింగ్ మీద ఉంటే ఫోన్ ముట్టుకోడు. నేను బ్యాగ్ భుజాన వేసుకుని గేటు దగ్గర, ఆయన బస్సు ఏ స్టేజీలో ఆగుతుందో లెక్కలేసుకుంటూ నలభై నిమిషాలు నిలబడ్డ రోజులున్నాయి. ఓటు హక్కు ఉంది, బ్యాంకు లోను మీద నా సంతకం ఉంది, టౌన్‌కి వెళ్లడానికి మాత్రం మా నాన్న బస్సు ఆగాలి. అమ్మాయిల హాస్టల్లో ఇన్‌టైమ్ ఇంకా ముందే. దానికి వాళ్లు ఎన్నిసార్లు వినతిపత్రాలు ఇచ్చారో లెక్కలేదు.

ఫీజు ఎవరు పెట్టారు

అనుబంధ కాలేజీ ఫీజుని తెలంగాణలో అడ్మిషన్, ఫీజుల నియంత్రణ కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నతవిద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చూస్తాయి. కాలేజీ తన ఖర్చుల లెక్కలు చూపించాలి, వాళ్లు ఒక అంకె ఖాయం చేస్తారు. ప్రైవేట్ యూనివర్సిటీ తన ఫీజు చాలావరకు తానే పెట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ప్రైవేట్ యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌తో నిండుతాయి. వాటి ఫీజు వేరు. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరి ఫీజుల మధ్య కొండంత తేడా ఉండొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఏ దారిలో సీటు వచ్చిందన్నదాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, "మావాడికి వచ్చింది, మీవాడికీ వస్తుంది" అన్న మాట నమ్మకూడదు.

ప్రైవేట్ సంస్థలు ఫీజు సొంతంగా పెట్టుకోవచ్చని, అయితే లాభాపేక్షా క్యాపిటేషన్ ఫీజూ కూడదని సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో చెప్పింది. మిగులుకీ లాభానికీ మధ్య గీత ఎక్కడుందన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఈలోగా మనం కట్టేది కట్టాలి.

బ్రోచర్‌లో కనిపించేది ట్యూషన్ ఫీజు. దాని పక్కన హాస్టల్, మెస్, పరీక్ష ఫీజు, కాషన్ డిపాజిట్, లాండ్రీ. ఒక సబ్జెక్టు తప్పితే సమ్మర్ టర్మ్‌లో క్రెడిట్‌కి ఇంత అని విడిగా. నాన్న మొదటిరోజు ఒక డైరీలో ఇవన్నీ రాసుకున్నాడు. రెండో ఏడాదికి డైరీ మార్చాల్సొచ్చింది.

మాది లోను చదువు. ఇందులో చాలామందికి తెలియని లెక్కొకటి ఉంది. ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్లలో పది లక్షలు తీసుకున్నామని, వడ్డీ పది శాతమని అనుకుందాం. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా ఈఎంఐ ఉండదు. ఈఎంఐ లేదంటే వడ్డీ లేదని కాదు. మొదటి రెండున్నర లక్షల మీద ఐదేళ్ల వడ్డీ లక్షా పాతికవేలు, రెండోదాని మీద లక్ష, మూడోదాని మీద డెబ్బై ఐదు వేలు, నాలుగోదాని మీద యాభై వేలు. మొత్తం మూడున్నర లక్షలు. మొదటి ఈఎంఐ కట్టేనాటికి అప్పు పదమూడున్నర లక్షలు. మధ్యలో నెలనెలా వడ్డీ కడుతూ పోతే ఇది పెరగదు. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా అడుగుతారు. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో మంచి ర్యాంకులున్న సంస్థల జాబితా ఉంది. చేరబోయే చోటు ఆ జాబితాలో ఉంటే తనఖా, హామీదారు లేకుండానే లోను దొరుకుతుంది. చూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

చేరాక మనసు మారితే? 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్‌లో రీఫండ్‌కి మెట్లున్నాయి. అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజులు లేదా అంతకుముందే మానేస్తే, ప్రాసెసింగ్ కింద ఐదు వేలకు మించకుండా కొంత తీసుకుని మొత్తం తిరిగివ్వాలి. ఆ పదిహేను రోజుల లోపల అయితే 90 శాతం. చివరి తేదీ దాటాక పదిహేను రోజుల్లో 80, నెలలోపు 50, ఆ తర్వాత సున్నా. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోవడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది. కొన్నేళ్లు యూజీసీ దీనికంటే ఉదారంగా తేదీలు ప్రకటించింది కూడా, కాబట్టి ఆ ఏడాది సర్క్యులర్ చూడాలి. "మా పాలసీలో రీఫండ్ లేదు" అని కౌంటర్‌లో చెప్పే మాటే తుది మాట కాదు.

95 శాతం ప్లేస్‌మెంట్ అంటే

హైవే మీద హోర్డింగ్ చూసే ఉంటారు. నవ్వుతున్న నలుగురి ఫొటోలు, పక్కన లక్షల్లో అంకెలు. ఆ నలుగురూ నిజమే, ఆ అంకెలూ నిజమే. చూడాల్సింది భాగహారంలో కింద ఏ అంకె పెట్టారన్నది.

ఒక బ్యాచ్‌లో వెయ్యి మంది ఉన్నారనుకుందాం. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు, సీజీపీఏ గీత దాటనివాళ్లు 250 మంది పక్కకి. పైచదువులకి వెళ్తామని రాసిచ్చినవాళ్లు 150 పక్కకి. మిగిలిన ఆరువందల మంది "అర్హులు". కంపెనీలిచ్చిన ఆఫర్లు 570. బోర్డు మీద 95 శాతం. అయితే ఆ 570 ఆఫర్లు పంచుకున్నవాళ్లు 450 మందే, ఎందుకంటే కొందరి చేతిలో రెండేసి ఉన్నాయి. వెయ్యి మందిలో 450 అంటే 45 శాతం. రెండు అంకెల్లోనూ అబద్ధం లేదు.

ప్యాకేజీ కూడా అంతే. పన్నెండు లక్షలంటే అందులో ఫిక్స్‌డ్ ఎనిమిది, పనితీరు మీద వచ్చేది ఒకటి, జాయినింగ్ బోనస్ ఒకటి, ఏళ్ల తరబడి విడతలుగా చేతికొచ్చే షేర్లు రెండు ఉండొచ్చు. నెలకి చేతిలో పడేది ఆ ఎనిమిదిని పన్నెండుతో భాగించి, అందులోంచి పీఎఫ్, పన్ను తీసేస్తే మిగిలేది. మా దగ్గర కంపెనీలను "డ్రీమ్", "సూపర్ డ్రీమ్" అని విడగొట్టేవాళ్లు. మామూలు ఆఫర్ వచ్చినవాడు డ్రీమ్‌కి మాత్రమే మళ్లీ కూర్చోవచ్చు. ఈ నిబంధన వల్ల ఆగస్టులో తొందరపడి మొదటి ఆఫర్ తీసుకున్నవాళ్లు డిసెంబరులో గోళ్లు కొరుక్కుంటూ కనిపించేవాళ్లు.

హోర్డింగ్ కంటే నమ్మదగ్గ కాగితం ఒకటుంది. కేంద్రం 2016 నుంచి విడుదల చేస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు సమర్పించే డేటా. దాన్ని తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎంతమంది చేరారు, సమయానికి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, అన్నీ పట్టికల్లో ఉంటాయి. హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కడి కథ. మధ్యస్థ జీతం అంటే సగం మంది అంతకంటే తక్కువలో ఉన్నారని. కాలేజీల, యూనివర్సిటీల నాణ్యతను తనిఖీ చేసే నాక్ ఇచ్చే గ్రేడు కూడా చూస్తారు, చూడాలి కూడా, కానీ అది సంస్థ మొత్తానికి ఇచ్చేది, నీ బ్రాంచ్‌కి కాదు. పైగా ఒక ప్రైవేట్ సంస్థకి మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణ మీద నాక్ తనిఖీ బృందంలోని కొందరిని 2025 ఫిబ్రవరిలో సీబీఐ అరెస్టు చేసింది. నా మటుకు నాకు ఫైనలియర్ పిల్లలతో క్యాంటీన్‌లో అరగంట కూర్చోవడం దీనికంటే ఎక్కువ పనికొచ్చేది.

ఎవరికి చెప్పుకోవాలి

నా రూమ్‌మేట్ సంగతి. ఆరో సెమిస్టర్‌లో ఒక హ్యాకథాన్‌కి మూడు రోజులు వెళ్లాడు. ఓడీ ఫారం మీద సంతకాలు అయ్యాయి. సబ్జెక్టు మేడమ్ పోర్టల్‌లో ఎక్కించేలోపు వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయింది. సెమిస్టర్ మధ్యలో ఫ్యాకల్టీ మారడం అక్కడ పెద్ద వింత కాదు. కొత్తగా వచ్చిన సార్ "నేను లేనప్పటి రోజులకి నేనెలా వేస్తాను" అన్నాడు. హెచ్ఓడీ డీన్ దగ్గరికి పంపాడు, డీన్ ఆఫీసు హెచ్ఓడీ దగ్గరికి పంపింది. వాడి అటెండెన్స్ 73. పరీక్ష ఆరు రోజుల్లో ఉంది.

అనుబంధ కాలేజీలో అయితే పైన యూనివర్సిటీ అని ఒకటుంది. కాలేజీ మీద కోపమొస్తే అక్కడికి వెళ్లొచ్చు. ఇక్కడ పైన ఎవరూ లేరు, మెట్లెక్కితే అదే ఇంటి మేడ. దీనికోసమే యూజీసీ 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో ఒక కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లో ఆంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఆయన రిటైరైన వైస్ ఛాన్సలరో, ప్రొఫెసరో, మాజీ జిల్లా జడ్జో అయి ఉండాలి, ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు. 30 రోజుల్లో తేల్చాలి.

ఇదంతా మాకు లైబ్రరీలో కూర్చుని వెతికితే తెలిసింది. కమిటీ వివరాలు వెబ్‌సైట్‌లో ఉన్నాయి, అట్టడుగున, చిన్న అక్షరాల్లో. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 మాత్రం ప్రతి ఫ్లోర్‌లో బోర్డు మీద ఉండేది, దానికి మెచ్చుకోవాలి. వాడు ఫిర్యాదు పెట్టాడు. ఫారం కాపీలు, హ్యాకథాన్ సర్టిఫికెట్, మెయిల్స్ స్క్రీన్‌షాట్లు అన్నీ జత చేశాడు. కమిటీ గడువులోపే తేల్చింది, వాడి వైపే తేల్చింది. అప్పటికి పరీక్ష అయిపోయి తొమ్మిది రోజులైంది. సమ్మర్ టర్మ్‌లో రాశాడు. క్రెడిట్ ఫీజు మాఫీ చేశారు, మే నెలంతా హాస్టల్, మెస్ ఖర్చు మాత్రం వాడిదే. వాడు చెప్పేది ఒకటే: ఏ కాగితం ఇచ్చినా అదేరోజు మెయిల్ కూడా పెట్టాలి, జవాబు రాకపోయినా సరే.

చదువైపోయాక నో డ్యూస్ ఫారం ఇస్తారు. లైబ్రరీ, హాస్టల్, మెస్, ల్యాబ్, అకౌంట్స్, ప్లేస్‌మెంట్ సెల్, స్పోర్ట్స్, మొత్తం పదకొండు సంతకాలు. నేను నాలుగేళ్లలో స్పోర్ట్స్ గది గడప తొక్కలేదు, అయినా అక్కడ సంతకం పెట్టే సార్ కోసం రెండు రోజులు తిరిగాను. చివరి సంతకం అయ్యాక కాషన్ డిపాజిట్ అరవై రోజుల్లో అకౌంట్లో పడుతుందన్నారు. నాన్న ఇప్పటికీ అప్పుడప్పుడూ పోర్టల్‌లోకి వెళ్లి చూస్తున్నాడు. పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోందంట.